అల చచ్చింది సార్

కొత్తగా ఇంజనీరింగ్ ఉద్యోగంలో చేరిన పిల్లలు మా ఇంటికి వస్తే తప్పకుండా ఒక మాట అడుగుతారు, మీ సర్వీసులో మర్చిపోలేని పని ఏది సార్ అని. ఏ పెద్ద కాలువ పేరో, వరదలో తెగబోయి ఆగిన ఏ చెరువు కట్ట కథో చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం అల అంటాను. ఒకే ఒక్క అల. అదీ సముద్రానికి ఇంత దూరాన, షాద్‌నగర్ నుంచి కల్వకుర్తి వైపు పోయే దారిలో, రాళ్లు కొట్టి వదిలేసిన ఒక క్వారీ గుంతలో లేచిన అల. ఆ కథ మొదలుపెడితే ఇప్పటికీ నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. లేచి నిలబడి, చేతులు ఊపుతూ చెబుతాను. మా ఆవిడ "మళ్లీ మొదలైంది" అని లోపలికి వెళ్లిపోతుంది.

అసలు తమాషా ఏమిటంటే, ఉద్యోగమంతా నేను చేసింది అలలను చంపే పని. మాది దేవరకొండ వైపు. నీటిపారుదల శాఖలో చేరింది మొదలు కాలువలు, తూములు, చెరువు కట్టలే నా లోకం. కాలువ నీళ్లు పైనుంచి కిందికి దూకే చోట ఊరుకుంటే నేలను తవ్వేస్తాయి. అందుకని వాటికి అడ్డంగా సిమెంటు దిమ్మెలు పాతుతాం. నీళ్లు ఆ దిమ్మెలకు కొట్టుకుని, కొట్టుకుని, అలిసిపోయి, బుద్ధిగా ముందుకు పోతాయి. చెరువు కట్టకయితే లోపలివైపు రాళ్లు పరుస్తాం. గాలికి లేచిన అల ఆ రాళ్లను తాకి అక్కడే చావాలి, మట్టిని ముట్టకూడదు. తెలంగాణ వచ్చిన కొత్తలో చెరువుల మరమ్మతులు జోరుగా సాగిన రోజుల్లో నేను ఎన్ని కట్టలకు రాళ్లు పరిపించానో లెక్కలేదు. నీళ్లను నిద్రపుచ్చడమే నా ఉద్యోగం అని నవ్వుతూ చెప్పుకునేవాణ్ణి. అందులో కొంచెం గర్వం కూడా ఉండేది.

రిటైరై ఇంట్లో కూర్చుంటే మూడు నెలలకే విసుగొచ్చింది. అప్పుడు హైదరాబాద్ నుంచి ఒక మేనేజరు ఫోన్ చేశాడు. వాళ్ల యజమాని క్వారీ గుంతను కొని విహార స్థలంగా మారుస్తున్నాడు. అందులో అలలు పుట్టించి, వాటి మీద పలకలతో జారే ఆట ఆడిస్తారట. రాతి పని చూసుకోవడానికి నీళ్ల మనిషి కావాలన్నాడు. సర్ఫింగ్ అన్న మాట నేను టీవీలో తప్ప వినలేదు. అయినా వస్తానన్నాను. నాకు తెలియని పని అని ఒప్పుకునే అలవాటు నాకు మొదటినుంచీ తక్కువ.

పని ఇలా ఉంటుంది. గుంతకు ఒక కొసన కాంక్రీటు గదులు. ఆ గదుల్లోకి యంత్రంతో గాలి కొడితే కింద నీళ్లు అణిగి, ఉబ్బి, ఒక పొంగులా గుంత పొడవునా పరుగెడతాయి. గుంత మధ్యలో నీటి అడుగున ఏటవాలుగా ఒక రాతి తిన్నె కట్టాలి. డ్రాయింగులో దానికి రీఫ్ అని రాసి ఉంది. పరుగెత్తి వచ్చే పొంగుకు ఆ తిన్నె కాలికి తట్టుకుంటుంది. కాలు తట్టుకున్న మనిషి ముందుకు తూలినట్టు, నీళ్లు లేచి ముందుకు వంగుతాయి. అదే అల. సముద్రంలో దేవుడు చేసిన పనిని మేము గుంతలో చేయాలన్నమాట. చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే "సముద్రం కడుతున్నరంట" అని చెప్పుకుంటున్నారు. గొర్రెలు కాసే ఒకామె కంచె దగ్గర నిలబడి, ఈ నీళ్లు మా చేన్లకు పారవా అని అడిగింది. వాన నీళ్లేనమ్మా, ఒకసారి నింపితే అవే తిరుగుతుంటాయి అని తప్పించుకున్నాను.

తిన్నె కట్టడానికి నేను పిలిపించింది నా పాత మేస్త్రిని. కల్వకుర్తి అవతలి ఊరతనిది. దేశంలో ఏ డ్యాము తవ్వి చూసినా పాలమూరు లేబర్ చెమట కనిపిస్తుందని మా వైపు అంటారు. ఆ చెమటలో ఇతని వాటా పెద్దదే. చిన్నప్పుడే తండ్రి వెంట పోయి, ఎక్కడెక్కడో డ్యాముల కింద పెరిగి, చివరికి సొంత ఊరి చెరువు కట్టకు రాళ్లు పరిచే అవకాశం వచ్చినప్పుడు తిరిగొచ్చాడు. ఆ కట్ట మేమిద్దరం కలిసి చేసిందే. అతను పరిచిన రాయి కదిలిందని నేను ఒక్కసారీ వినలేదు.

గాలి యంత్రం నడపడానికి వచ్చినాయన షాద్‌నగర్ సాయిబు, అంతకు ముందు బోర్లు వేసే లారీ మీద పనిచేసినవాడు. ఇన్నాళ్లూ నీళ్ల కోసం భూమిలోకి గాలి కొట్టాను సాబ్, ఇప్పుడు నీళ్లలోకే కొడుతున్నాను అనేవాడు. అల ఎక్కి చూపించడానికీ, తర్వాత జనానికి నేర్పడానికీ విశాఖ వైపు నుంచి ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. జాలర్ల ఇంటి పిల్ల. విరిగిన తెప్ప చెక్క మీద అలలెక్కడం నేర్చుకుందట. గుంతను చూసి, మొదటి రోజే చెప్పులు విడిచి దిగి ఈత కొట్టింది. మా లేబరంతా పని ఆపి చూశారు.

ఇక తప్పు దగ్గరికి వస్తాను. డ్రాయింగులో తిన్నె వాలు ఎంత ఉండాలో ఉంది, ఎంత పొడవో ఉంది, ఏ దిక్కుకు వంగాలో ఉంది. అవన్నీ నూలు పట్టి వెంట్రుక తేడా లేకుండా చేశాం. రాయి ఎలా పరచాలన్నది మాత్రం నేను చదవలేదు. చదవాలని కూడా తోచలేదు. నలభై ఏళ్లుగా తెలిసిన సంగతిని ఎవరైనా చదువుతారా? మా పద్ధతిలో రాయికి చదునైన మొహం మట్టిలోకి పోతుంది, కుదురుగా కూర్చోవాలని. గరుకు మొహం నీళ్లకు చూపిస్తాం, అలను గీకి చంపాలని. మేస్త్రి అలాగే పరిచాడు. నేను చూసి బాగుంది అన్నాను. అంతటితో ఆగినా కొంత నయం. తిన్నె మొదలు దగ్గర, పొంగు వచ్చి తాకే వైపు, ఎందుకో బోసిగా కనిపించింది. ఎవరూ అడగకపోయినా, భద్రంగా ఉంటుందని పదకొండు సిమెంటు దిమ్మెలు వరసగా పాతించాను. చెయ్యి ఊరుకోక చేసిన పని అది. ఆ సాయంత్రం ఎంత తృప్తిగా టీ తాగానో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

గుంత నింపి మొదటిసారి అల పెట్టిన రోజు మేనేజరు, నేను, లేబర్ అంతా గట్టు మీద నిలబడ్డాం. అమ్మాయి పలక మీద బోర్లా పడుకుని తిన్నె దగ్గర కాచుకుంది. సాయిబు గాలి వదిలాడు. పొంగు లేచింది. నీళ్లు నడుము ఎత్తున ఉబ్బి, గుంత పొడవునా ఉరికి వచ్చి, నా దిమ్మెలకు తగిలి, రాళ్ల మీద నురగై, గొణుక్కుంటూ పడుకున్నాయి. అవతలి గట్టుకు ఒక్క చుక్క తాకలేదు.

అప్పుడు మా లేబర్ పద్నాలుగు మంది చప్పట్లు కొట్టారు.

మేస్త్రి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. "చూసినవా సార్, అల చచ్చింది. చుక్క గూడ కట్టకు తాకలే."

నీళ్లలో నుంచి అమ్మాయి కూడా అదే మాట అంది, ఏడుపు గొంతుతో. "అల చచ్చిపోనాది సార్. ఎక్కడానికి ఏటీ మిగల్లేదు."

ఒకే మాట, ఒకరికి పండగ, ఒకరికి చావు. ఆ ఇద్దరి మధ్య నిలబడ్డప్పుడు నాకు తప్పు ఎక్కడుందో మెరుపులా తెలిసిపోయింది. తెలిసినా నోరు విప్పలేదు. ఇంకో ఇరవై సార్లు గాలి కొట్టించాం. నా దగ్గర మంచిగనే పుడుతుంది సాబ్, ముందుకు పోయినాక ఏమైతుందో నాకెరుక లేదు అని సాయిబు చేతులెత్తేశాడు.

మర్నాడు ఉదయం మేనేజరు నా ముందు ఒక కాగితం పెట్టాడు. రాతి పని డ్రాయింగు ప్రకారం లేదు, మేస్త్రి పని నాసిరకం, అతని గుంపును తీసేసి వేరే కంపెనీకి అప్పగించాలి అని ఉంది. సైట్ ఇంజనీరుగా నేను సంతకం చేస్తే చాలు. మేనేజరు చెడ్డవాడేం కాదు, అతని పైన యజమాని ఉన్నాడు. ఎవరో ఒకరి పేరు రాయాలి. మేస్త్రి చదువుకోలేదు, అతని పేరు రాయడం తేలిక. నేను చూస్తానని చెప్పి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కాదు అనలేదు. పిల్లలూ, నా ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను గానీ, ఆ పూట ఆ కాగితం జేబులో పెట్టుకోవడం ఒక్కటే ఇప్పటికీ గుచ్చుతుంది.

మధ్యాహ్నం మేస్త్రి నన్ను అన్నానికి పిలిచాడు. రేకుల నీడలో లేబరంతా వరసగా కూర్చున్నారు. జొన్నరొట్టె మీద పుంటికూర వేసి నా చేతికిచ్చాడు. అల చావడం మంచిది కాదనీ, తిన్నె పెరికేస్తారనీ అతనికి ఎవరో చెప్పినట్టున్నారు. రొట్టె తుంచుతూ, నా మొహం చూడకుండా అడిగాడు.

"అల చావద్దని ముందుగాల్నే ఎందుకు చెప్పకపోతివి సార్? బతికేతట్టు కడుతుంటిమి గద."

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగాడు. మూడు నెలలు పక్కపక్కన పనిచేశాం, ఈ తిన్నె ఎందుకు కడుతున్నామో అతనికి నేను చెప్పలేదు. నాకు తెలిస్తే చాలనుకున్నాను. తీరా చూస్తే నాకూ తెలియలేదు.

"నా చేతి పని ఇంతవరకు ఒక్కటి పెరికెయ్యలే సార్," అన్నాడు మళ్లీ. "గిదొక్కటి పెరికేస్తే ఊర్ల ఎట్ల తలెత్తాలె?"

తినడం సగంలో ఆపి మేనేజరు గదికి వెళ్లాను. అతనిచ్చిన కాగితం వెనక పక్కనే నా చేత్తో రాశాను. దిమ్మెలు డ్రాయింగులో లేవు, నేను పెట్టించాను. రాయి పరిచిన తీరు నేను చూసి సరే అన్నాను. మేస్త్రి నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. తప్పు నాది. మేనేజరు రెండుసార్లు చదివి, మీ మీద మీరే రాసుకున్నారేమిటండీ అన్నాడు. ఇన్నేళ్లూ ఇతరుల మీద రాశాను కదా, అలవాటు మార్చుకుంటున్నానన్నాను. అతను నవ్వలేదు. పై ఆదివారం కాక ఆ తర్వాతి ఆదివారం యజమాని అతిథులతో వస్తున్నాడని చెప్పాడు. అప్పటికి అల లేస్తే సరే. లేవకపోతే తిన్నె మొత్తం పెరికేసి, గుంతలో హంస బొమ్మ పడవలు తిప్పుతారు. మేస్త్రి, అమ్మాయి, నేను, ముగ్గురం ఇళ్లకు. చేతిలో పదకొండు రోజులున్నాయి.

ఆ పదకొండు రోజులు నేను మళ్లీ పాతికేళ్లవాణ్ణయ్యాను.

మొట్టమొదట అమ్మాయి, మేస్త్రిని నీళ్లలోకి దిగమంది. అతను సముద్రం ఎన్నడూ చూడలేదు గానీ, బావుల్లో ఈత నేర్చినవాడు. గోచీ బిగించి, తిన్నె మీద రొమ్ము లోతు నీళ్లలో నిలబడ్డాడు. సాయిబు చిన్న చిన్న పొంగులు వదిలాడు. ఒక్కో పొంగుకూ మేస్త్రి కళ్లు మూసుకుని, రెండడుగులు జరిగి, మళ్లీ నిలబడ్డాడు. కాళ్లతో చదివాడంటే నమ్మండి. నాలాంటివాళ్లు కొలబద్దతో చూసేది అతను అరికాలితో చూశాడు.

"కాలు తట్టుకోవాల గానీ, ఇరిగిపోకూడదు బాబాయ్," అని అమ్మాయి గట్టు మీంచి చెప్పింది. "ఒక కొస నుంచి ఇంకో కొసకి, చాప చుట్టినట్టు వంగుతా పోవాల."

అరగంటకు మేస్త్రి బయటికొచ్చాడు. దిమ్మెల దగ్గరే అల మెడ విరుగుతోందనీ, ఆ తర్వాత గరుకు రాళ్లు నీళ్లను గీకుతున్నాయనీ చెప్పాడు. నా దిమ్మెలు అని మాత్రం అనలేదు. నేనే అన్నాను.

దిమ్మెలంటే క్రేనుతో లాగేయవచ్చు. తిన్నె మొత్తానికి ఉలితో నునుపు పట్టాలంటే నెలలు పడుతుంది. సిమెంటు పూత పూద్దామా అంటే నాలుగు అలలకే ఊడుతుంది. ఏం చేయాలో తోచక నేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. మేస్త్రి మిగిలిపోయిన రాయి ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని తిప్పాడు. అరచేత్తో నిమిరాడు. మళ్లీ తిప్పాడు.

"సార్, మన రాయికి మంచి మొహం ఉంది," అన్నాడు. "మనమే దాన్ని మట్టిల పెడ్తిమి."

నేను అక్కడే ఎగిరి గంతేశానని మా లేబర్ ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే, గంతేశాను.

నీళ్లను పక్క గుంతలోకి తోడేశాం. క్రేను ఒక్కో దిమ్మెనూ పీకుతుంటే, పిప్పి పన్ను పీకినప్పటి హాయి కలిగింది నాకు. తర్వాత రాళ్లు. గడ్డపారతో ఒక్కో రాయిని లేపి, తిరగేసి, గరుకు వైపు కుదురుగా కూర్చునేట్టు కాస్త చెక్కి, చదును మొహం పైకి పెట్టి, సందుల్లో సిమెంటు కూరారు. ఆడవాళ్లు వెనకాల వస్తూ పాత నూలు చీర ముక్కను తడిపి రాళ్ల మీద లాగేవారు. దారం ఎక్కడ పట్టుకుంటే అక్కడ మళ్లీ ఉలి. సాయంత్రాలు అమ్మాయి వచ్చి అరికాలితో జారి చూసేది. ఎక్కడైనా మొహం చిట్లిస్తే మేస్త్రి మాట్లాడకుండా అక్కడ సుద్దతో గీత పెట్టేవాడు. ఎవరూ ఎవరినీ తొందర పెట్టలేదు. అందరికీ ఇప్పుడు అల ఎందుకో తెలుసు. లేబర్ అన్నం తింటూ కూడా అల గురించే వాదించుకునేవారు, పెళ్లి సంబంధం గురించి మాట్లాడుకున్నంత శ్రద్ధగా. పీకిన దిమ్మెల్లో రెండింటిని మేస్త్రి గట్టు మీద వేయించాడు, నేను కూర్చోవడానికట. అది వెటకారమో, మర్యాదో నేను అడగలేదు.

శనివారం రాత్రికి గుంత నిండింది. పరీక్షగా ఒక్క అల చూసుకునే సమయం కూడా మిగల్లేదు.

ఆదివారం పొద్దున షామియానా కింద యజమాని, అతిథులు. కంచె అవతల చుట్టుపక్కల ఊళ్ల జనం, సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లు. గొర్రెలామె కూడా ఉంది. అమ్మాయి నీళ్లలో కాచుకుంది. సాయిబు బిస్మిల్లా అనుకుని గాలి వదిలాడు. మొదటి పొంగు తిన్నె దాకా వచ్చి, కొంచెం లేచి, మనసు మార్చుకుని దిగిపోయింది. మేనేజరు నా వైపు చూశాడు. నేను మేస్త్రి వైపు చూశాను. అతను నీళ్ల వైపే చూస్తున్నాడు. సాయిబు గాలి పెంచాడు. రెండో పొంగు ఇంకాస్త లేచింది, అమ్మాయి చేతులు వేసింది గానీ అందలేదు.

మూడోది వచ్చింది. తిన్నెను తాకగానే దాని అడుగు ఆగింది, తల ఆగలేదు. నీళ్లు లేచాయి. నా రొమ్ము ఎత్తు, భుజం ఎత్తు, ఇంకా లేచి, ఆకుపచ్చగా, వెనక ఎండ కనిపించేంత పలచగా నిలబడి, ఎడమ కొస నుంచి వంగడం మొదలుపెట్టాయి. అమ్మాయి రెండు చేతులు వేసి, గెంతి, పలక మీద నిలబడింది. అల వంగుతున్న కొద్దీ దాని ముందు జారుతూ పోయింది. అల ఆమెను తరుముతోంది, ఆమె నవ్వుతోంది. పాలమూరు నేల మీద, బండల మధ్య, ఒక పిల్ల సముద్రం మీద నడుస్తోంది. నేను ఏడ్చాను. దాచడమెందుకు, బాగానే ఏడ్చాను.

మేస్త్రి మాత్రం అల వంగగానే గట్టు వెంట పరుగెత్తాడు, ఎక్కడైనా మట్టి కోసిందేమోనని. అలవాటు. కోయలేదని చూసుకుని వెనక్కి వచ్చాడు. మా లేబర్ పద్నాలుగు మందీ కదలకుండా నిలబడి ఉన్నారు. షామియానాలో చప్పట్లు మోగుతున్నా వీళ్లు చేతులు కలపలేదు. మేస్త్రి నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు.

"ఇప్పుడు కొట్టొచ్చునా సార్, చప్పట్లు?"

కొట్టమన్నాను. వాళ్లు కొట్టారు. అవి షామియానా చప్పట్లను మింగేశాయి.

అతిథులు వెళ్లాక, ఎండ తగ్గే వేళకు, అమ్మాయి ఇంకో పలక తెచ్చి నా ముందు పెట్టింది. వద్దన్నాను. మేస్త్రి నా చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. నన్ను నీళ్లలో పలక మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరూ చెరో వైపు పట్టుకుని, పొంగు రాగానే తోసి వదిలేశారు. ఎప్పుడో కుర్రతనంలో బావిలో దూకినప్పుడు కడుపులో లేచిన ఆ జిల్లు మళ్లీ లేచింది. ఉద్యోగమంతా నేను చంపుతూ వచ్చినది నన్ను కిందినుంచి ఎత్తుకుని, పగ లేకుండా, చంటిపిల్లాణ్ణి మోసినట్టు మోసుకుపోయింది. నోరు తెరిచి అరిచాను. తర్వాత బోల్తా పడ్డాను. తేలేసరికి కళ్లద్దాలు లేవు.

ఆ అద్దాలు దొరకలేదు. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మేస్త్రితో అదే అంటాను, నీ తిన్నెలో రాళ్ల సందున ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి, ఒకసారి చూడమని. అతను ఒప్పుకోడు.

"వేరే తాన దేవులాడు సార్," అంటాడు. "నా రాళ్లల్ల సందు యాడుంది?"